ఏం చెయ్యడు, రండి!

గేటు గడియ చప్పుడైతే చాలు, మా చంటిగాడు గుమ్మంలోకి ఉరికి వీధి చివరిదాకా వినబడేలా మొరిగేవాడు. నేను మిషన్ మీద నుంచి తలైనా ఎత్తకుండా "ఏం చెయ్యడు, రండి!" అని కేకేసేదాన్ని. మూడేళ్ళలో ఆ మాట ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. ఇప్పుడు ఆ మాట మానేశాను. ఎందుకు మానేశానో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మా వీధి గదే నా కుట్టు గది. రెండు మిషన్లు, ఓ కటింగ్ బల్ల, గోడకి నిలువుటద్దం. రోజూ పదిమంది దాకా వస్తారు. ఒకరు చీరకి ఫాల్ వేయించడానికి, ఒకరు కొలత జాకెట్టు ఇచ్చిపోవడానికి, ఇంకొకరు ఊరికే "అయ్యిందా?" అని అడిగిపోవడానికి. చంటిగాడేమో మా అబ్బాయి ఓ వానాకాలం సాయంత్రం చొక్కాలో చుట్టి తెచ్చిన వీధి కుక్కపిల్ల. వచ్చేవాళ్ళకి ఆ గది దుకాణం, వాడికి అది ఇల్లు. గొడవంతా అక్కడే.

హుక్కులు, కాజాలు కుట్టడానికి ఒక అమ్మాయి వచ్చేది. పని బంగారం. కానీ రోజూ ఆలస్యమే. రెండుసార్లు విసుక్కున్నాను, ఒకసారి సగం పూట డబ్బులు కూడా కోశాను. సరిగ్గా దసరా ముందు, చేతినిండా పని ఉన్నప్పుడు, "ఇంట్లో కుదరట్లేదక్కా" అని మానేసింది. రావాల్సిన డబ్బుల కోసం వాళ్ళమ్మ వచ్చి గేటు బయటే నిలబడింది. లోపలికి రమ్మంటే తటపటాయిస్తూ అసలు సంగతి చెప్పింది. "చిన్నప్పుడు దాన్ని కుక్క కరిచిందమ్మా. అప్పట్నుంచీ భయం. రోజూ మీ వీధి మొదట్లో మందుల షాపు అరుగు మీద కూర్చునేదట. మీ ఇంటికి ఎవరైనా వస్తే వాళ్ళ వెనకాల లోపలికి వచ్చేది. మీకు చెబితే పని పోతుందని చెప్పలేదు."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ పిల్ల అరుగు మీద కూర్చున్న సమయానికి నేను డబ్బులు కోశాను!

నిజానికి "ఏం చెయ్యడు" అన్న మాటతో ధైర్యం వచ్చేది మనకే, ఎదుటివాళ్ళకి కాదు. ఈ సంగతి మన ఆడవాళ్ళకి వేరే చెప్పాలా? కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు "మీ మామగారికి నోరే పెద్దది, మనసు వెన్న" అని మనకీ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. ఆ వెన్న సంగతి చెప్పినవాళ్ళకి తెలుసు. మనకి వినబడింది అరుపు మాత్రమే.

అలాగని తప్పు చంటిగాడిదీ కాదు. మా అత్తయ్య "దొడ్లో కట్టెయ్" అన్నారు. పక్కింటావిడ "నాలుగు తగిలించు, అదే ఊరుకుంటుంది" అంది. పశువుల డాక్టరుగారు మాత్రం నవ్వి, కుక్క లెక్క ఏమిటో చెప్పారు. ఎవరో వచ్చారు, వాడు మొరిగాడు, పది నిమిషాలకి వాళ్ళు వెళ్ళిపోయారు. తను మొరగబట్టే వెళ్ళారని వాడి నమ్మకం. అలా రోజూ పదిసార్లు గెలుస్తున్నాడు! నేను "నోర్ముయ్" అని అరిస్తే, అమ్మ కూడా నాతో కలిసి మొరుగుతోందనుకుంటాడట. కొడితే కొత్తమనిషి రావడానికీ దెబ్బకీ ముడిపెట్టుకుని ఇంకా పగబడతాడట. రోజంతా కట్టేస్తే చిరాకు పెరుగుతుందే తప్ప తగ్గదట.

అందుకని ముందు చోటు మార్చాం. వీధి కనబడకుండా గ్రిల్‌కి సగం ఎత్తు దాకా పాత నూలుచీర తెర కట్టాను. వాడి పరుపు గుమ్మంలోంచి తీసి నడింట్లో వేశాను. గేటుకి తాళం, పక్కన బెల్లు. రోజూ సాయంత్రం కొట్టు కట్టేశాక మా అమ్మాయి ఊరికే బెల్లు కొట్టేది. ఎవరూ వచ్చేవారు కాదు, కానీ బెల్లు మోగిన ప్రతిసారీ పరుపు మీద ఉడికించిన కోడిమాంసం ముక్క ఒకటి పడేది. మొదటి మూడు రోజులూ మొరిగాడు. పదిహేను రోజులకి బెల్లు వినగానే పరుపు మీదికి పరిగెత్తడం నేర్చుకున్నాడు. తెల్లవారుజామున అరగంట నడక మా వారి వంతు. నడిచొచ్చిన రోజు పగలంతా పడుకుంటాడు. జనం వచ్చే వేళల్లో నడింటి తలుపు మూసే ఉంటుంది. రేబిస్ టీకా ఏటా తప్పకుండా వేయిస్తాం.

పూర్తిగా మానేశాడా అంటే లేదు. ఇప్పటికీ రెండు మొరుగులు మొరిగి పరుపెక్కుతాడు. ఆ రెండూ వాడి హక్కు అనుకుంటాను. రాత్రి పూట కావలి కాయాలని మనమే కోరుకుంటాం, పగలు నోరెత్తకూడదంటే ఎలా?

హైదరాబాదులో ఉద్యోగం చేసే మా చెల్లెలి కూతురు ఇది విని, "మా ఆఫీసులోనూ ఇదే పెద్దమ్మా" అంది. (మా పెద్దసారు కుక్కని తెస్తారట. అది తన బల్ల దగ్గరికి ఎవరొచ్చినా మొరుగుతుంది. అందరూ ముద్దు చేస్తారు. భయపడేవాళ్ళు మెయిల్ పెట్టి ఊరుకుంటారు, మనిషి దగ్గరికి వెళ్ళరు.) పెద్దసారు కుక్కంటే భయమని జీతగాళ్ళు ఎలా చెబుతారు? నా దగ్గర పనిచేసిన పిల్ల చెప్పగలిగిందా? అందుకే నా అభిప్రాయం ఇది: పనిచేసే చోట కుక్క ఉంటే, భయమని చెప్పుకోవాల్సిన పని వచ్చినవాళ్ళకి పెట్టకూడదు. "మీకు ఇబ్బందా?" అని ముందు మనమే అడగాలి. అడగకపోయినా, అందరూ భయపడతారనే అనుకుని ఏర్పాటు చేసుకోవాలి. పెంచుకునే ముచ్చట మనది కాబట్టి ఆ శ్రమా మనదే.

కోసిన డబ్బులు తీసుకుని ఆ అమ్మాయి వాళ్ళింటికి వెళ్ళాను. తప్పు నాదేనని చెప్పాను. తిరిగి మా ఇంటికి రానంది, బలవంతపెట్టలేదు. ఇప్పుడు జాకెట్లు వాళ్ళింటికే పంపిస్తున్నాను, వారానికోసారి తెచ్చి ఇస్తుంది. మొన్న బెల్లు కొట్టి గేటు బయట నుంచే "పడుకున్నాడా అక్కా?" అని అడిగింది.

"ఏం చె..." అనబోయి నాలిక కరుచుకున్నాను.

"తలుపేసి వస్తానుండు" అన్నాను.