తిరుత్తణి ఏ జిల్లా?

సెప్టెంబరు అయిదో తేదీ వచ్చిందంటే మా కాలేజీలో ఒక తగాదా తప్పదు. రాధాకృష్ణన్ గారు తెలుగువారా, తమిళులా అన్నదే ఆ తగాదా. సర్వేపల్లి అన్న ఇంటిపేరు చూపించి ఒక జట్టు, తిరుత్తణి అన్న ఊరిపేరు చూపించి ఇంకొక జట్టు బల్లలు గుద్దుతారు. నేను తెలుగు చెప్పేవాణ్ణి గనుక తీర్పు నన్నే చెప్పమంటారు. నేను ఎదురుప్రశ్న వేస్తాను: "ఆయన పుట్టిన 1888లో తిరుత్తణి ఏ జిల్లాలో ఉండేదో చెప్పండి, చూద్దాం."

చిత్తూరని ఒకడంటాడు, చెంగల్పట్టని ఇంకొకడంటాడు. రెండూ కావు. అప్పటికి చిత్తూరు జిల్లా అన్నదే పుట్టలేదు. తిరుత్తణి ఉత్తరార్కాటు జిల్లాలో, కార్వేటినగరం జమీందారీ కింద ఉండేది. అయితే ఆ ఉత్తరార్కాటు కలెక్టరు గారు కచేరీ చేసింది మాత్రం ఆర్కాటులో కాదు, వేలూరులో కాదు, మన చిత్తూరులో! కనుక చిత్తూరని చెప్పినవాడికి సగం మార్కులు వేయవచ్చు.

జిల్లా అంటే కొండలాగా, ఏరులాగా ఎప్పటినుంచో ఉన్నదని మనం అనుకుంటాము. చిత్తూరు జిల్లా వయసు నూట పదిహేనేళ్లే. 1911 ఏప్రిల్ 1వ తేదీన దీన్ని కుట్టారు. కుట్టారన్న మాట తెలిసే వాడుతున్నాను. ఉత్తరార్కాటు నుంచి చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు తాలూకాలను, పుంగనూరు, కాళహస్తి, కార్వేటినగరం జమీందారీల భూములను కత్తిరించి, కడప జిల్లా నుంచి మదనపల్లెను, వాయల్పాడును తెచ్చి అతికించారు. తెలుగు పాలు ఎక్కువగా ఉన్న భాగం చిత్తూరుకు వచ్చింది. తమిళ తాలూకాలు ఉత్తరార్కాటుగా మిగిలి, వేలూరు దానికి ముఖ్యపట్టణమైంది. మనం రాయలసీమ వాళ్లమని గట్టిగా చెప్పుకుంటాము గాని, నైజాము 1800లో కుంపిణీకి ఇచ్చిన దత్తమండలాల వైపు నుంచి వచ్చినవి మదనపల్లె, వాయల్పాడు ప్రాంతాలు. చిత్తూరు, చంద్రగిరి వైపు 1801లో ఆర్కాటు నవాబు చేతినుంచి కుంపిణీ చేతికి పోయిన సీమ. ఇది చెబితే మా స్టాఫ్ రూములో రాజకీయశాస్త్రం మిత్రుడికి కోపం వస్తుంది. అది వేరే సంగతి.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు జిల్లా మొత్తం మనకే వచ్చింది, తిరుత్తణితో సహా. అక్కడ మొదలైంది పేచీ. మ.పొ. శివజ్ఞానం గారి తమిళరసు కళగం తిరుపతి కొండదాకా తమిళనాడేనంది. మనవాళ్లేమో మద్రాసు పట్నమే మాదన్న పట్టు ఇంకా పూర్తిగా విడవలేదు. ఒకరు ఏడుకొండలు అడిగితే ఒకరు సముద్రం అడిగినట్టుంది వ్యవహారం. చివరికి కేంద్రంలో న్యాయశాఖ చూసిన పటాస్కర్ గారిని మధ్యవర్తిగా పెట్టుకున్నారు. జిల్లా కాదు, తాలూకా కాదు, గ్రామాన్ని లెక్కకు తీసుకోవాలి. ఆ గ్రామంలో ఏ భాషవారు ఎక్కువో చూడాలి. అది అటువైపు ఊళ్లకు ఆనుకొని ఉండాలి. ఇదీ ఆయన పద్ధతి. వినడానికి ఇంతకంటే న్యాయమేముంటుందనిపిస్తుంది. 1959లో చట్టమై, 1960 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. తిరుత్తణి పట్నమూ, దానితోపాటు పళ్లిపట్టు వైపు ఊళ్లూ కలిపి మూడు వందలకు పైగా గ్రామాలు మద్రాసు రాష్ట్రానికి పోయాయి. పొన్నేరి, తిరువళ్లూరు తాలూకాల నుంచి సత్యవేడు వైపు ఊళ్లు, సేలం నుంచి రెండు మూడు, అన్నీ కలిసి నూట యాభై దాకా మనకు వచ్చాయి.

కాని ఊళ్లో నూటికి యాభై అయిదుగురు ఒక భాషవారైతే మిగతా నలభై అయిదుగురు ఎక్కడికి పోవాలి? ఈ ప్రశ్నకు గ్రామం లెక్కలో జవాబు లేదు.

మా పెద్ద మేనత్తను పళ్లిపట్టు దగ్గరి పల్లెలో ఇచ్చారు. ఆమెకిప్పుడు ఎనభై దాటాయి. చిత్తూరు జిల్లాలో పుట్టి, తెలుగు బడిలో అయిదో తరగతి చదివి, చిత్తూరు జిల్లాలోని ఊరికే కాపురానికి పోయిన మనిషి. పోయిన ఏడాదే ఊరు చెంగల్పట్టు జిల్లా అయింది. వాళ్ల ట్రంకుపెట్టెలో మామగారి పేర ఉన్న పాత పట్టా తెలుగులో ఉంటుంది. ఆ తర్వాతి శిస్తు రసీదులు తమిళంలో ఉంటాయి. "ఒకటి నేను చదువుకుంటా, ఇంకోటి చదివించుకుంటా. భూమి అదే గదా నాయనా" అంటుందామె. ఆ చదివించుకోవడానికి వెనకటి కరణం ఎంత పుచ్చుకునేవాడో కూడా చెప్పింది. ఇక్కడ రాయను.

ఈ గీతల గొడవ మనకొక్కరికే లేదు. సైబీరియాలో బైకాల్ సరస్సు చుట్టూ బురియాట్లని, మంగోలు భాషల కుటుంబానికి చెందిన భాష మాట్లాడే జనం ఉన్నారు. సోవియెట్లు వారికొక రిపబ్లిక్కు ఇచ్చి, 1937లో దానిలో నుంచి రెండు ముక్కలు కోశారు. పడమటి ముక్క ఉస్త్-ఓర్దా, తూర్పు ముక్క అగా. రెండింటికీ జాతీయ జిల్లాలని పేరు పెట్టి, ఒకదాన్ని ఇర్కుత్‌స్క్ కిందా, రెండోదాన్ని చితా కిందా ఉంచారు. అగాలో బురియాట్లు సగానికి మించి ఉన్నారు. ఉస్త్-ఓర్దాలో సగానికి లోపే. 2006లో ఒకచోట, 2007లో రెండోచోట జనాన్ని ఓటు అడిగారు. రెండుచోట్లా కలిసిపోదామనే పడ్డాయి. 2008లో ఆ జిల్లాలు పక్కనున్న పెద్ద ప్రాంతాలలో కలిసిపోయాయి. ప్రత్యేక హోదా అన్న మాటను కాగితం మీద మిగిల్చారు. అక్కడ జాతి పేరు జిల్లాకు పెట్టారు, ఓటూ అడిగారు. మన తిరుత్తణిలో పేరూ పెట్టలేదు, ఓటూ అడగలేదు, ఊరూరా తలలు లెక్కపెట్టారు. ఏది మెరుగో నేను తేల్చలేను గాని, ఒక తేడా ఉంది. బురియాట్లకు భాష నేర్పే సొంత రిపబ్లిక్కు పక్కనే మిగిలి ఉంది. తిరుత్తణి తెలుగువాడికీ పక్కనే రాష్ట్రముంది. కాని పక్క రాష్ట్రం వాడి బడికి పంతులును పంపలేదు.

2022 ఏప్రిల్ 4న మన జిల్లానూ మళ్లీ విప్పి కుట్టారు. ఈసారి భాష ఊసే లేదు. పార్లమెంటు నియోజకవర్గాన్ని కొలబద్దగా తీసుకున్నారు. తిరుపతి వేరే జిల్లా అయి కాళహస్తిని, సత్యవేడును, నెల్లూరు నుంచి గూడూరును, సూళ్లూరుపేటను, వెంకటగిరిని చేర్చుకుంది. మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి పోయింది. పుత్తూరు తిరుపతికి, నగరి చిత్తూరుకు. 1960లో మద్రాసు నుంచి వచ్చిన సత్యవేడు వాడు ఇల్లు కదలకుండానే మూడో జిల్లా చూశాడు. దీనిమీద ఊరేగింపులు, వినతిపత్రాలు చాలా నడిచాయి. కలెక్టరాఫీసు దూరమైతే బస్సు చార్జీ పెరుగుతుంది, పని ఒక పూట ఆలస్యమవుతుంది. నిజమైన కష్టమే. కాని రాష్ట్రం మారినవాడి కష్టం దీనికి సాటిరాదు. వాడికి బడి మారుతుంది.

రాజ్యాంగంలో 350-ఎ అధికరణం ఉంది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందేటట్టు చూడాలని 1956లో దాన్ని చేర్చారు. 2006లో తమిళనాడు చట్టం చేసి తమిళాన్ని ఒకటో తరగతినుంచి తప్పనిసరి చేసింది. ఏడాదికొక తరగతి చొప్పున ఎక్కి 2016 నాటికి అది పదో తరగతికి చేరింది. తెలుగు, కన్నడ, ఉర్దూ పిల్లలకు మినహాయింపు కావాలని కోర్టుకెక్కారు. ఉన్న రాష్ట్రం భాష నేర్చుకోవలసిందే, అందులో నాకు తగువు లేదు. తమిళం రానివాడు తిరుత్తణిలో ఎట్లా బతుకుతాడు? కాని పరీక్షలో మార్కులు రాని తెలుగును ఏ తండ్రి చెప్పిస్తాడు? ఇటువైపు నగరిలో, సత్యవేడులో, కుప్పంలో తమిళం మాట్లాడే ఇళ్లున్నాయి. వారిని అడిగినా ఇదే మాట తిరగేసి చెబుతారు. కుప్పంలో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం పెట్టుకున్నాము. పై చదువులకు అది మంచిదే. ఒకటో తరగతి వాచకం చేతికివ్వడం వేరే పని.

రేణిగుంట నుంచి అరక్కోణం రైలెక్కితే పుత్తూరు, ఏకాంబరకుప్పం దాటాక వెంకటనరసింహరాజువారిపేట అని ఒక స్టేషను వస్తుంది. పలక చాలదేమో అన్నంత పొడుగు పేరు. అది దాటితే తమిళనాడు. మొన్న వేసవిలో ఆ రైల్లోనే అత్తను చూడబోతూ వారపత్రికలు నాలుగు పట్టుకుపోయాను. ఆమెకు సీరియళ్లంటే ప్రాణం. మునిమనుమరాలు ఏడో తరగతి. గడగడా తెలుగు మాట్లాడుతుంది, అక్షరం ముక్క రాదు. ముసలమ్మ కళ్లజోడు సర్దుకొని వాకిట్లో కూర్చుని చదువుతుంటే, ఆ పిల్ల స్తంభానికానుకొని వింటున్నది. కథ ఒకచోట ఆగింది.

"ఆపైన ఏమైంది అవ్వా?" అన్నది పిల్ల.

"ఇంకా ఉండాది అని రాసినారు. మామను వచ్చే వారం పుస్తకం పంపమను" అన్నది అత్త.