ప్రశ్నార్థకాల పాలైన అర్జీ



ఈ టపా ఛందస్సును గురించి కాదు, వ్యాకరణాన్ని గురించీ కాదు. మీలో సగానికి పైగా పగటిపూట చేసే ఉద్యోగాన్ని గురించి. బడిలో తెలుగు చెప్పి పదవీవిరమణ చేసినవాడికి సాఫ్ట్‌వేరుతో ఏమి పని అని మీరు అడగవచ్చును. నాకై నేను వెళ్ళలేదు, ఆ పనే నన్ను వెదుక్కుంటూ వచ్చింది. కోపంలో వ్రాస్తున్నాను గనుక మాట పరుషమైతే పెద్దవాడినని మన్నించండి. మాట తప్పయితే మాత్రం మన్నించవద్దు, వ్యాఖ్యలో దిద్దండి.

2021లో మా వీధి చివర ఉండే ఒకావిడ మా ఇంటికి వచ్చింది. కూలికి వెళ్ళి బ్రతికే మనిషి, చదువు లేదు. భర్త పోయి రెండేళ్ళవుతున్నా వితంతు పింఛను రాలేదు. "మాస్టారూ, ఇప్పుడన్నీ కంప్యూటర్లోనే పెట్టాలంట. మీరు రాసి పెట్టండి బాబూ" అన్నది. ఆమె చెప్పినది చెప్పినట్లు, తెలుగులో, ఒక కార్యాలయం వారి అర్జీల పేజీలో టైపు చేశాను. తెరమీద అక్షరాలు ముత్యాల్లా కనిపించినవి. రసీదు సంఖ్య వచ్చింది. నెల తిరిగేసరికి జవాబు కూడా వచ్చింది: మరణించిన తేదీ నిర్ధారణ కాలేదు, అర్జీ ముగించడమైనది.

ఆమెను వెంటబెట్టుకొని వెళ్ళాను. గుమాస్తా మర్యాదస్థుడే, తన తెరను నావైపు త్రిప్పి చూపించాడు. "నా భర్త 17-08-2019న చనిపోయినారు." అని నేను వ్రాసిన వాక్యం అక్కడ ఇలా ఉన్నది:

?? ???? 17-08-2019? ???????????.

కింద మరి పన్నెండు పంక్తులు ఇదే తీరు. అంకెలు బ్రతికినవి, చుక్కలు బ్రతికినవి, మాటలన్నీ పోయినవి. అన్నిటికంటె దారుణం ఆ తేదీ. దాని వెనుక నేను పెట్టిన "న" అనే విభక్తి ప్రత్యయం ప్రశ్నార్థకంగా మారి అక్కడే అంటుకున్నది. చూసినవారికి, తేదీ ఆ మనిషికే సరిగా తెలియదేమో అనిపిస్తుంది. కార్యాలయం వారు అలాగే చదివారు. "మాస్టారూ, ఇంగ్లీషులో పెట్టి ఉండవలసింది" అన్నాడు గుమాస్తా. ఆవిడ నావైపు చూసింది. ఏమి చెప్పను?

ఇంటికి వచ్చి ఆ పంక్తిని మా అమ్మాయికి పంపాను. ఆమె హైదరాబాదులో మీవంటి ఉద్యోగమే చేస్తున్నది. చూడగానే "నాన్నా, ప్రశ్నార్థకాలు లెక్కపెట్టు" అన్నది. "భర్త" మనకు రెండక్షరాలు. యూనికోడుకు నాలుగు సంకేతాలు: భ, ర, పొల్లు, త. తెరమీద నాలుగు ప్రశ్నార్థకాలు. "చనిపోయినారు" ఆరక్షరాలు, పదకొండు సంకేతాలు, పదకొండు ప్రశ్నార్థకాలు. ఆ కార్యాలయపు కోడు మేము చూడలేదు. కానీ సంకేతానికొక ప్రశ్నార్థకం పడిందంటే, తెలుగు అక్షరాలను ఎక్కడో ఒకచోట లాటిన్ అక్షరాల పట్టికలోకి తోశారనే అర్థమట.

ఆ "ఎక్కడో" ఏమిటో తెలుసుకోవటానికి నాకు కొన్ని వారాలు పట్టింది. తెలిసిన మేరకు చెబుతాను, ప్రోగ్రామర్లు ఓపిక పట్టండి.

ఒక ప్రోగ్రాములో అర్జీ అంటే కాగితం కాదు, ఒక ఆబ్జెక్టు. పేరుకొక అర, ఊరికొక అర, తేదీకొక అర, విషయానికొక అర. ఆ అరలు ఆ యంత్రం జ్ఞాపకంలో మాత్రమే అరలు. మరొక యంత్రానికి పంపాలంటే వాటిని విప్పి, వరుసగా పేర్చి, బైట్లుగా మార్చి, సందేశంగా కట్టాలి. అవతలివారు ఆ సందేశాన్ని విప్పి మళ్ళీ అరలు నిలబెట్టాలి. జావాలో స్ప్రింగ్ అనే సరంజామా వాడేవారికి ఈ పని చేసే మెసేజ్ కన్వర్టరు తెలిసే ఉంటుంది. దానిలో ముఖ్యమైన క్రియలు రెండే: టు మెసేజ్, ఫ్రమ్ మెసేజ్. మాకది సంధి చేయడం, విడదీయడం. ఏ సూత్రంతో కలిపారో ఆ సూత్రంతోనే విడదీయాలని ఎనిమిదో తరగతి పిల్లవాడికి చెబుతాము. రెండు వైపులా సూత్రం ఒకటి కాకపోతే పదం చెడుతుంది.

ఇక్కడ చెడటంలో రెండు రకాలున్నవి. మొదటి రకం మనందరికీ పాత పరిచయమే. పంపినవాడు యుటిఎఫ్-8లో పంపుతాడు, అందుకున్నవాడు లాటిన్-1 అనుకొని చదువుతాడు. నెత్తిన వాలుగీత ఉన్న "ఏ" అక్షరం, పక్కన డిగ్రీ గుర్తు, తెరనిండా అదే గజిబిజి. చూడటానికి వికారమేగాని బైట్లు క్షేమం. సరైన సూత్రంతో మళ్ళీ చదివితే తెలుగు తెలుగుగానే లేచి కూర్చుంటుంది. రెండో రకంలో, పంపేవాడే లాటిన్-1లోకి మారుస్తాడు. ఐఎస్ఓ 8859-1 అనే ఆ పట్టికలో ఉన్నవి 256 స్థానాలు. తెలుగుకు అందులో ఒక్క స్థానమూ లేదు. అప్పుడు జావాలో స్ట్రింగు నుంచి బైట్లు తీసే గెట్‌బైట్స్ అనే క్రియ ఏమి చేస్తుంది? ఆగదు, అరవదు. దొరకని ప్రతి అక్షరం చోటా ఒక ప్రశ్నార్థకం వ్రాసి, పని పూర్తయిందంటుంది. మూలం అక్కడితో పోయినట్లే. ఏ పండితుడూ, ఏ ప్రోగ్రామూ దాన్ని తిరిగి తేలేదు.

నా కోపం ఈ మౌనం మీద. తాటాకు ప్రతులు వ్రాసిన లేఖకులను తలుచుకోండి. పురుగు కొట్టిన చోట, ఆకు విరిగిన చోట వారు ఖాళీ విడిచేవారు. పరిష్కర్తలు అక్కడ గ్రంథపాతం అని గుర్తించేవారు. తనకు తెలియని చోట తెలిసినట్లు వ్రాసినవాణ్ణి మంచి లేఖకుడని ఎవరూ అనలేదు. ప్రశ్నార్థకం కూడా లోపాన్ని చూపిస్తున్నది కదా అంటారేమో. చూపించదు. అది మన వాక్యాల్లో మామూలుగా వాడుకొనే గుర్తు. నిజమైన ప్రశ్న ఏదో, పోయిన అక్షరం ఏదో ఎలా తెలుస్తుంది? ఆ తేదీ విషయంలో జరిగిన అనర్థం అదే. చదవలేని బైట్లకు యూనికోడు వేరొక గుర్తు ఏర్పరచింది, నల్లని వజ్రాకారంలో తెల్లని ప్రశ్నార్థకంగా మీరు చూసే ఉంటారు. దాన్ని చూసి మోసపోము.

ఆగమని చెప్పటం అసాధ్యమా? కాదు. పైథాన్‌లో ఇదే మార్పిడి అడిగితే అది ఆగి, ఈ అక్షరం నావల్ల కాదని తప్పు చూపుతుంది. జావాలోనే క్యారెక్టర్ ఎన్‌కోడరును నేరుగా వాడితే, మనం వేరే చెప్పనంతవరకు, అదీ ఆగుతుంది. మార్గం ఉన్నది. ఎంచుకోలేదు, అంతే.

మా అమ్మాయి స్నేహితులు చెప్పిన సమాధానాలు కూడా వినండి.

"ఆగితే వ్యవస్థంతా నిలిచిపోతుంది." ఎందుకు నిలవాలి? మీ సందేశాల వ్యవస్థల్లో డెడ్ లెటర్ క్యూ అని ఒకటి ఉన్నదట. ఆ పేరు తపాలావారి దగ్గర తెచ్చుకున్నదే. చిరునామా చదవలేకపోతే మన తపాలాశాఖ ఉత్తరాన్ని రిటర్న్‌డ్ లెటర్ ఆఫీసుకు పంపేది గాని, పోస్టుమాను కవరుమీద ప్రశ్నార్థకాలు గీసి ఏదో ఇంట్లో పడేసేవాడు కాదు. మార్చలేని సందేశాన్ని పక్కన పెట్టండి, మనిషి వచ్చి చూస్తాడు.

"తెలుగుకు ఖర్చెక్కువ, యుటిఎఫ్-8లో ఒక్కో సంకేతానికి మూడు బైట్లు." నిజం. ఆవిడ అర్జీ మొత్తం రెండు వేల సంకేతాలైనా ఆరువేల బైట్లు. ఆ అర్జీకి జతపరచమన్న పాస్‌పోర్టు ఫోటో అంతకంటె పెద్దది. ఫోటోకు దొరికిన చోటు మాటకు దొరకదా?

"అదంతా పాత కథ, ఇప్పుడంతా యుటిఎఫ్-8." ఇందులో సగం ఒప్పుకుంటాను. వెబ్ పాఠ్యానికి సంకేతపట్టిక పేరు చెప్పకపోతే లాటిన్-1 అనుకోమన్న 1999 నాటి హెచ్‌టిటిపి నియమాన్ని 2014లో తొలగించారు. 2022లో వచ్చిన జావా 18 నుంచి యుటిఎఫ్-8 సహజస్థితి అయింది. సంతోషం. కానీ కార్యాలయాల్లో నడిచేవన్నీ నిన్న పుట్టిన ప్రోగ్రాములు కావు. లాటిన్-1 అని పేరుపెట్టి అడిగినచోట కొత్త జావా కూడా పాత ప్రశ్నార్థకమే వ్రాస్తుంది. తెలుగు 1991 నాటి మొదటి యూనికోడులోనే ఉన్నది. ముప్ఫై యేళ్ళ తరువాత ఆ అర్జీ వ్రాశాను. ఇంకెంత కాలం పాత కథ అందాము?

మిత్రులారా, అసలు మాట ఇది. ఫాంటుకొక లిపిగా ఉన్న రోజుల్లో పద్మతో పత్రికలు చదివినవారు మీరు. లేఖినిలో కూడబలుక్కుని టపాలు వ్రాసినవారు మీరు. కంప్యూటర్లో తెలుగు సాధ్యమేనని నావంటి చాదస్తులకు చూపినవారు మీరే. రాత్రి పదింటికి తెలుగు కోసం పోట్లాడే ఆ చేతులే పగలు పదింటికి కన్వర్టర్లు వ్రాస్తున్నవి. వాటిని పరీక్షించేటప్పుడు మీరు పంపే పేరు ఏది? "జాన్", "టెస్ట్", "ఎబిసి" అని మా అమ్మాయి ఒప్పుకున్నది. ఇంగ్లీషు అక్షరాలు ఏ పట్టికలోనైనా క్షేమంగా దాటుతాయి, కాబట్టి ఆ పరీక్ష ఎన్నిసార్లు నెగ్గినా తేలేదేమీ లేదు.

నేను కోరేవి మూడు. సందేశం ఏ సంకేతపట్టికలో ఉన్నదో రెండు వైపులా పేరుపెట్టి చెప్పండి, యంత్రం అభిరుచికి వదలకండి. మార్చలేని అక్షరం వస్తే ఆగమని చెప్పండి. మూడవది, మీ అమ్మగారి పేరు తెలుగులో వ్రాసి ఆబ్జెక్టులో పెట్టి, సందేశంగా మార్చి, మళ్ళీ ఆబ్జెక్టుగా మార్చి, మొదటిదానితో సంకేతానికి సంకేతం సరిచూడండి. "సాఫ్ట్‌వేర్" అనే మాట కూడా పంపండి. అందులో "ట్", "వే" కలిసిపోకుండా ఆపే కనిపించని సంకేతం ఒకటున్నది. అదీ తిరిగి రావాలి. దీనికి పట్టేది పది నిమిషాలని మా అమ్మాయి అన్నది. తన కోడులో ఆ వారమే పెట్టింది కూడా.

ఆవిడ సంగతి చెప్పి ముగిస్తాను. అర్జీని కాగితం మీద నా చేత్తో మళ్ళీ వ్రాశాను. తేదీ కింద గీత గీశాను. తిరిగినన్నిసార్లు తిరిగిన తరువాత పింఛను మంజూరైంది. మధ్యలో పోయిన ఏడు నెలల డబ్బు రాలేదు. అది ఎవరి ఖాతాలో వ్రాయాలో నాకు తెలియదు. మీకు తెలిస్తే వ్యాఖ్యలో చెప్పండి.