సాయంత్రం ఐదింటి కూలీలు

మత్తయి 20వ అధ్యాయంలోని ద్రాక్షతోట కూలీల కథ మూడేళ్ళకోసారి ఆదివారం పూజలో చదువుతారు. ఆ వెంటనే ప్రసంగం మొదలు: తోటంటే పరలోకం, కూలంటే దేవుని కృప. అయిపోయింది!

మరి దేనారం? అది అప్పట్లో ఒక రోజు కూలి, ఆ రాత్రి ఇంటిల్లిపాది తిండి. సాయంత్రం ఐదింటిదాకా ఊరికే ఎందుకు నిల్చున్నారంటే, మమ్మల్నెవరూ పనికి పిలవలేదన్నారు వాళ్ళు. ఈ జవాబుని అడ్డా మీద నిలబడేవాళ్ళకి ఇంకొకరు విడమర్చాలా? మన విచారణల్లో ఎక్కువమంది దళితులే, కూలికెళ్ళేవాళ్ళూ తక్కువేం కాదు. వాళ్ళ చేతికి మాత్రం మైకు రాదు.

పూజలో ప్రసంగం గురువుకో డీకనుకో తప్ప కుదరదని 767వ కానను చెప్తుందంటారు. నిజమే. పూజయ్యాక ఏ కానను అడ్డం? ఫాదర్‌గారు ఓ పది నిమిషాలు కింద కూర్చుని, పని దొరకని రోజు ఇంటికెలా వెళ్ళారో వాళ్ళనే చెప్పనివ్వచ్చుగా.