సైకిలువానికి త్రోవ యేది?

2025వ సంవత్సరము అక్టోబరు 7వ తేదీన సర్వోన్నత న్యాయస్థానమువారు రహదారుల భద్రతను గూర్చిన వ్యాజ్యమున నొక ముఖ్యమైన యుత్తరువు గావించిరి. మోటారు వాహనముల చట్టము 138వ సెక్షను (1ఎ) ఉపవిభాగము ననుసరించి, యంత్రశక్తి లేని వాహనములును కాలినడకవారును బహిరంగ స్థలములయందును జాతీయ రహదారులయందును మెలగు విధమును గూర్చి రాష్ట్రప్రభుత్వములు ఆరు మాసములలో నియమములు చేయవలెనని దాని సారాంశములలో నొకటి. ఈ యుపవిభాగము 2019 సవరణవలన చట్టమున ప్రవేశించినది. ఆరేండ్లు కడచిన పిదప న్యాయస్థానము చెవి మెలిపెట్టవలసి వచ్చెననగా, సైకిలువానిని గూర్చి ప్రభుత్వముల కెంత తొందర కలదో తెలియుచునే యున్నది.

ఐనను ఆ యుపవిభాగమునందలి పదములను చదివినప్పుడు మాకు కొంత శంక కలిగినది. అందు "రక్షణ" యను మాట కంటె "నియంత్రణ" యను మాట ప్రధానముగ నున్నది. నియంత్రణమనగా త్రోవ చూపుటయు కావచ్చును, త్రోవనుండి వెడలగొట్టుటయు కావచ్చును. 2013లో కలకత్తా పోలీసులు 174 వీథులలో సైకిళ్ళను నిషేధించిరి. వాహనముల వేగమునకు సైకిలు అడ్డమనుట వారు చెప్పిన కారణము. పాలవారును, పత్రికలు పంచువారును, చిన్న పనివాండ్రును జుల్మానాలు చెల్లించుకొనవలసి వచ్చెను. ప్రజలు గగ్గోలు పెట్టిన మీదట ఆ వీథుల సంఖ్య తగ్గింపబడినదిగాని, ఆలోచనాసరణి మాత్రము ఎచ్చటికిని పోలేదు. రోడ్డు అందరి పన్నులతో వేసినదే. దానిపై నడచు హక్కు మాత్రము చక్రముల వేగమునుబట్టి నిర్ణయింపబడుట యే న్యాయము?

సైకిలెక్కువారు కొద్దిమంది యనుకొనుట పొరపాటు. 2011 జనాభా లెక్కలను బట్టి దేశమున నూటికి 44.8 కుటుంబములకు సైకిలు కలదు. కారు గల కుటుంబములు నూటికి 4.7 మాత్రమే. తరువాత మోటారు సైకిళ్ళు విపరీతముగ పెరిగినమాట నిజము. కాని తెల్లవారుజామున ఏ పట్టణపు పొలిమేరలో నిలిచి చూచినను, తాపీపనివారు, కావలివారు, చేపలగంప కట్టుకొనినవారు, పచ్చిగడ్డి మోపుతో పొలమునుండి మరలువారు సైకిళ్ళపైననే కాననగుదురు. కేంద్రప్రభుత్వపు లెక్కల ప్రకారము 2022లో రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. అందు సైకిళ్ళపై నున్నవారు 4,800 మందికి పైబడియున్నారు. ప్రతిదినము పదముగ్గురు!

చట్టములో సైకిలువాని స్థాన మేమి? సైకిలు మోటారు వాహనము కాదు; కావున మోటారు చట్టమువలన దానికి లైసెన్సుగాని రిజిస్ట్రేషనుగాని భీమాగాని యక్కరలేదు. పూర్వము మునిసిపాలిటీవారి బిళ్ళ లేకున్నను, రాత్రి దీపము లేకున్నను, వెనుక నింకొకని నెక్కించుకొన్నను పోలీసుజవాను పట్టుకొని సైకిలులోని గాలి తీసివేయుట పెద్దవా రెరిగినదే. సైకిలును శిక్షించుటలో మనకున్న యనుభవము దానిని రక్షించుటలో లేదు. 2017 నాటి మోటారు వాహనముల నడపు నిబంధనలు, పాదచారులు, సైకిలువారు, పిల్లలు, వృద్ధులు, వికలాంగుల క్షేమమును గూర్చి డ్రైవరులు ప్రత్యేకశ్రద్ధ వహింపవలెనని స్పష్టముగ చెప్పుచున్నవి. సైకిలుదారిపై బండి నిలుపుటను నిషేధించుచున్నవి. ఈ నిబంధనల నుల్లంఘించినందుకు జరిమానా చెల్లించిన మోటారుదారు నొక్కనిని మేమింతవరకు కలిసికొనలేదు.

సైకిలువాడు తప్పుదిక్కున వచ్చుననుట కారువారి నిత్యాభియోగము. అది యబద్ధము కాదు, ప్రాణాంతకమైన యలవాటే. కాని కారణము విచారింపవలదా? మదరాసు నుండి కలకత్తాకు పోవు 16వ నంబరు జాతీయ రహదారిని స్వర్ణ చతుర్భుజి పథకము క్రింద విస్తరించినప్పుడు, పలుచోట్ల ఊరొక ప్రక్క, పొలము లింకొక ప్రక్కగ నిలిచినవి. నడుమ గట్టు లేచినది. ఎదురుగ కనబడు తన చేనికి పోవుటకు రైతు గాని కూలి గాని దూరముననున్న సందువరకు తొక్కుకొనిపోయి, యావలిదిక్కున మరల నంత దూరము వెనుకకు రావలెను. యంత్రమున కిది రెండు నిముసముల పని, మోకాళ్ళకు అరగంట. కావున నతడు తప్పుదిక్కున అంచు పట్టుకొని పోవుచున్నాడు. ఆ దారిని గీసిన ఇంజనీరు కారులోనుండి గీసెను. దండన మాత్రము సైకిలువానికి. మన పాఠకులలో భూస్వాములు పెక్కుమంది గలరు. వారి పాలేళ్ళు ప్రతియుదయము చేయు ప్రయాణమిదే.

మోటారు నడపువారు తెలిసికొనవలసిన సంగతులును కొన్ని గలవు. లారీకి ఎడమప్రక్కన దగ్గరగ నున్న సైకిలు డ్రైవరునకు కనబడదు. ఆ లారీ ఎడమకు మరలినచో సైకిలు వెనుకచక్రము క్రిందికి పోవును. నిలిపిన కారు తలుపు వెనుకకు చూడక తెరచుట మరియొక యపాయము. జర్మనీదేశమున 2020 నుండి, సైకిలును దాటిపోవు కారు పట్టణములో మీటరున్నర, వెలుపల రెండు మీటర్ల యెడము విడువవలెనని నియమము గలదు. మనకట్టి కొలత యింతవరకు లేదు. "తగినంత యెడము" అను మాట మన రోడ్లపై జానెడు.

ప్రమాదము జరిగిన పిమ్మట నేమి? బీదవాని కుటుంబమునకు హక్కులు తెలియవు గనుక నిచ్చట వ్రాయుచున్నాము. 2022 ఏప్రిలు 1 నుండి అమలునకు వచ్చిన 164వ సెక్షను ప్రకారము, డ్రైవరు తప్పును నిరూపింపకయే మరణమునకు 5 లక్షలు, తీవ్రగాయమునకు రెండున్నర లక్షల రూపాయలు కోరవచ్చును. గుద్ది పారిపోయిన వాహనము దొరకకున్నను 161వ సెక్షను క్రింద మరణమునకు 2 లక్షలు, తీవ్రగాయమునకు 50 వేలు కలవు. అధిక పరిహారము కోరువారు 166వ సెక్షను క్రింద ట్రిబ్యునలునకు పోవచ్చును. ఐతే అచ్చట తప్పును నిరూపింపవలెను. దీపము లేదు, తప్పుదిక్కున వచ్చెను అని వాదించి మొత్తమును కోయజూచుట భీమా కంపెనీల పరిపాటి. సైకిలు వెనుక ఎఱ్ఱని మెరుపుబిళ్ళ యొకటి, ముందొక దీపము నుండుట ప్రాణమునకే కాక వ్యాజ్యమునకును బలము. 2025 మే నుండి మోటారు వాహనమువలన గాయపడినవారికి ఏడు దినములవరకు లక్షన్నర రూపాయల లోపు నగదు లేని చికిత్స యేర్పాటు గూడ గలదు.

హైదరాబాదు వెలుపలి వలయరహదారి ప్రక్కన 2023 అక్టోబరులో 23 కిలోమీటర్ల సైకిలుదారి తెరువబడినది. పైన సౌరఫలకముల కప్పు, చూడముచ్చటైనదే. కాని అన్నపుడబ్బా తగిలించుకొని పనికి పోవువాని యింటికి నది దూరము. ఆంధ్రప్రదేశమున "బడికొస్తా" పేరిట ఉన్నతపాఠశాల బాలికలకు సైకిళ్ళిచ్చిరి. మంచిపనియే. ఆ బాలిక లారీల నడుమ బడికెట్లు చేరవలెనో మాత్రము ఏ శాఖవారును చెప్పలేదు.

కావున 138(1ఎ) క్రింద చేయు నియమములయందు మూడు సంగతులుండవలెనని మా యభిప్రాయము. సైకిలును దాటు కారు విడువవలసిన యెడము మీటర్లలో చెప్పబడవలెను. ప్రక్కదారి నిర్మింపక ఏ రహదారినుండియు సైకిలును నిషేధింపరాదు. గ్రామములను చీల్చిన రహదారులపై దాటుచోట్లు గ్రామస్థుల నడిగి నిర్ణయింపవలెను. ఇట్టి నియమములను ముందుగ చిత్తుగ ప్రకటించిన పిదపనే చేయవలెనని 212వ సెక్షను విధించుచున్నది; అభ్యంతరములు పంపుట కదియే సమయము. పంచాయతీ సభ్యులును పురపాలక సభ్యులును దీనిని గమనింతురు గాక. ఊరి పేరు, కిలోమీటరు రాతి సంఖ్య, దాటుచోటెంత దూరమున నున్నది, ఉదయము ఆరు మొదలు తొమ్మిదివరకు ఆ దారిని ఎన్ని సైకిళ్ళు పోవుచున్నవి, ఈ నాలుగు వివరములు వ్రాసి పంపిన యభ్యంతరమును బుట్టదాఖలు చేయుట ఏ యధికారికిని సులభము కాదు.