ముందు అమ్మకు చెప్పుకుని

మంత్రాలయంలో తుంగభద్ర స్నానం చేసి వచ్చిన భక్తుడు తడిబట్టలతో నేరుగా బృందావనానికి పోడు. ముందు మంచాలమ్మ దగ్గర ఆగుతాడు. ఈ ఊరి పాతపేరు మంచాల, అమ్మ ఇక్కడి గ్రామదేవత. 1671లో రాఘవేంద్రస్వామి సజీవంగా బృందావనంలోకి ప్రవేశించే ముందు ఆమె అనుమతి అడిగారని, తొలి దండం తనకే పెట్టాలని ఆమె మాట తీసుకుందని పెద్దలు చెబుతారు.

అంతటి స్వామివారే అడిగి వచ్చారు!

దత్త మండలాల కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో కూడా టోపీ, బూట్లు తీసి లోపలికి నడిచాడంటారు. స్వామి ఆయనకు కనిపించి మాట్లాడారన్నది భక్తుల నమ్మకం. నాకు మాత్రం కథ వింటున్నంతసేపూ గుమ్మం బయట ఉండిపోయిన ఆ బూట్లే కళ్లముందు మెదులుతాయి.

మన జిల్లాల తూర్పున నల్లమల అడవి, అందులో పెంటలనే చెంచుల గూడేలు. డాక్టర్లు, సర్వేవాళ్లు, పరిశోధకులు, నాలాంటి రాతగాళ్లు అక్కడికి వెళుతూనే ఉంటారు. అందరిదీ మంచి పనే. కాకపోతే చేతిలో కాగితం ఉన్నవాడికి చెప్పులు విడవాలన్న సంగతి అంత తొందరగా గుర్తురాదు.

1940లో ఆస్ట్రియా దేశస్థుడు హైమెండార్ఫ్ చెంచుల మధ్య ఉండి, వాళ్ల గురించి 1943లో పుస్తకం తెచ్చాడు. తర్వాత భార్య బెట్టీతో కలిసి ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయిలో గోండుల నడుమ కాపురం పెట్టాడు. ఆమె 1987లో, ఆయన 1995లో పోయారు. ఇద్దరి సమాధులూ ఆ ఊళ్లోనే పక్కపక్కన ఉన్నాయి. ఏటా జనవరి 11న, బెట్టీ పోయిన రోజున, గోండులు అక్కడ చేరతారు. రాసుకుని వెళ్లిపోయిన పరాయివాడికి ఏ ఊరూ అంత చోటివ్వదు.

ఒకసారి ఒక పెంటలో గుడిసె ముందు కూర్చున్న అవ్వను చూసి, గబుక్కున ఫోన్ పైకెత్తాను. ఆమె ఏమీ అనలేదు. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. సిగ్గేసి ఫోన్ జేబులో పెట్టి, కాస్త ఎడంగా నేలమీద కూర్చున్నాను. చాలాసేపటికి కొంగు దించి, "ఏ ఊరు నాయనా?" అంది.

"మంత్రాలయం దిక్కు అవ్వా."

"శానా దూరం వచ్చినావే" అని లోపలికి పోయి, చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది.

ఆ రోజు ఫోటో తీయలేదు.