ఇల్లు మనదైనా గేటు ఎవరిది?

నగరం విస్తరించే కొద్దీ మధ్యతరగతి ముస్లిం కుటుంబాల చూపు కూడా శివార్ల వైపు మళ్లింది. హైదరాబాదు పాతబస్తీలో అన్నదమ్ములు పంచుకోగా మిగిలిన రెండు గదుల్లో మూడో తరం ఇమడలేదు. ఉద్యోగాలు పడమటి దిక్కుకు పోయాయి, మంచి బడులూ అటే వెళ్లాయి. అందువల్ల నార్సింగి, తెల్లాపూర్, బండ్లగూడ జాగీర్, కొంపల్లి అంటూ ఆదివారాల వెతుకులాట సాగుతున్నది. ధర కుదురుతుంది, బ్యాంకు రుణమిస్తానంటుంది. వాస్తు పట్టింపు లేదు గనుక ఏ దిక్కు ముఖమైనా మనకు సమ్మతమే. నిజానికి మనంత సులువైన కొనుగోలుదారు అమ్మకందారుకు దొరకడు. పేరు చెప్పిన తరువాతనే వ్యవహారం మారుతుంది. 'మాకేం అభ్యంతరం లేదండీ, అసోసియేషన్ వాళ్లే ఒప్పుకోరు' అని ఏజెంటు ఫోను పెట్టేస్తాడు.

ఈ మాటను ఎందరో నమ్మి వెనుదిరుగుతున్నారు. నమ్మవలసిన పని లేదు. 1987 నాటి అపార్టుమెంట్ల చట్టం రెండు తెలుగు రాష్ట్రాలలోనూ అమలులో ఉన్నది. ఇక్కడ ఫ్లాటు కొన్నవాడికి రిజిస్టరు దస్తావేజు ద్వారా ఫ్లాటుతో పాటు స్థలంలో అవిభక్త వాటా కూడా సంక్రమిస్తుంది. సంఘమనేది లిఫ్టు, నీరు, కాపలా, చెత్త వంటి ఉమ్మడి అవసరాలను చూసుకొనేందుకు యజమానులు పెట్టుకొన్న ఏర్పాటు మాత్రమే. యజమాని అయిన కారణంగానే సభ్యుడవుతాడు. సభ్యత్వం దొరికితేనే యజమాని కావడమనే పద్ధతి ఇక్కడ సాధారణంగా లేదు. సబ్ రిజిస్ట్రారు అసోసియేషన్ సమ్మతి పత్రం అడగడు. ఏజెంటు చెప్పిన అభ్యంతరం చాలాసార్లు బైలాలో ఉండదు, సర్వసభ్య సమావేశపు తీర్మానంలోనూ ఉండదు. అది ఇద్దరు ముగ్గురు పెద్దమనుషుల నోటిమాట. దానిని కాగితం మీద రాసిమ్మంటే రాసివ్వరు.

ముంబయి, అహ్మదాబాదుల సంగతి వేరు. అక్కడి సహకార గృహనిర్మాణ సంఘాలలో ఆస్తి సంఘం పేరిట ఉంటుంది, నివాసికి వాటా పత్రమే చేతికొస్తుంది. అందువల్ల సభ్యత్వమే తలుపు తాళం. అహ్మదాబాదులోని ఒక పార్సీ గృహనిర్మాణ సంఘం తన సభ్యత్వాన్ని పార్సీలకే పరిమితం చేసుకొన్న నిబంధనను సుప్రీంకోర్టు 2005లో సమర్థించింది. సంఘాలు పెట్టుకొనే స్వేచ్ఛ రాజ్యాంగం ఇచ్చినదనీ, చట్టంలో నిషేధం లేనప్పుడు అటువంటి నిబంధనను తప్పుపట్టలేమనీ ఆ తీర్పు సారాంశం. ఒక చిన్న సమాజం తన ఉనికిని కాపాడుకొనేందుకు పెట్టుకొన్న కంచె అది. కాని అదే కంచెను సంఖ్యాబలం కలవారు చిన్నవారి చుట్టూ కట్టవచ్చునని న్యాయస్థానానికి తోచలేదో, తోచినా శాసనసభల పనిగా వదిలేసిందో!

కంచె కట్టడానికి ప్రభుత్వమే రాట పాతిన రాష్ట్రమూ ఉన్నది. గుజరాత్‌లో 1991 నాటి కల్లోలిత ప్రాంతాల చట్టం ప్రకారం, ప్రకటించిన ప్రాంతాలలో ఇల్లు అమ్మాలంటే కలెక్టరు అనుమతి కావాలి. ఆపదలో ఉన్నవారు ఇళ్లు తెగనమ్ముకోకుండా కాపాడటానికి పుట్టిన చట్టం కాలక్రమంలో ఒక మతంవారి ఇల్లు మరొక మతంవారి చేతికి పోకుండా చూసే చట్టమైంది. వడోదరలో ముఖ్యమంత్రి ఆవాస్ పథకం కింద 462 ఇళ్ల సముదాయంలో ఒక ముస్లిం మహిళకు 2017లో ఫ్లాటు కేటాయించారు. ఆ సముదాయం మొత్తంలో ఆమె ఒక్కరే ముస్లిం. ఆమె అక్కడ కాపురం పెట్టకూడదని ఇరుగుపొరుగువారు వినతిపత్రాలు సమర్పించారు, 2024లో ధర్నా కూడా చేశారు. ప్రభుత్వ ఇంటికే ఈ గతి పడితే ప్రైవేటు ప్రహరీ లోపలి సంగతి చెప్పనక్కరలేదు.

రాజ్యాంగంలోని 15వ అధికరణం మతం ఆధారంగా వివక్ష చూపరాదని ప్రభుత్వాన్ని శాసిస్తుంది. దుకాణాలు, హోటళ్లు, బావులు, రహదారుల విషయంలో పౌరులను కూడా కట్టడి చేస్తుంది. ఆ జాబితాలో ఇల్లు లేదు. అమెరికాలో కూడా ఒకప్పుడు నల్లజాతివారికి అమ్మరాదని దస్తావేజులలోనే రాసుకొనేవారు. అటువంటి షరతులను కోర్టులు అమలు చేయరాదని అక్కడి సుప్రీంకోర్టు 1948లో తేల్చింది. 1968లో వచ్చిన గృహ సమానత్వ చట్టం జాతి, మతం కారణంగా ఇల్లు నిరాకరించడాన్నే నేరుగా నిషేధించింది. డల్లాస్, షికాగో శివార్లలో స్థిరపడిన మన హైదరాబాదీలను అడగండి. అక్కడి గృహయజమానుల సంఘం గడ్డి ఎంత ఎత్తు పెరగాలో, గోడకు ఏ రంగు వేయాలో చెప్పి ప్రాణం తీస్తుందని విసుక్కుంటారు. ఆ చాదస్తం పడనివారు సంఘం లేని వీధిని వెతుక్కొంటారు. వివక్ష అక్కడ పూర్తిగా పోయిందని కాదు, కాని పోరాడేందుకు చట్టం చేతిలో ఉన్నది. మన దేశంలో మాత్రం అపార్టుమెంటులో కుక్కను పెంచుకోవడాన్ని సంఘం నిషేధించరాదని జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలిచ్చింది. మనిషి మతం విషయంలో దేశమంతటికీ వర్తించే అటువంటి కాగితం ఒక్కటి లేదు.

కొందరు దీనికొక విరుగుడు కనిపెట్టారు. సంఘాల బెడదే లేని లేఅవుటులో ప్లాటు కొని సొంతంగా ఇల్లు కట్టుకోవడం. స్వేచ్ఛ కోరేవారికి అది మంచి దారే. అనుమతి పొందిన లేఅవుటా కాదా అని మాత్రం ముందుగా చూసుకోవాలి. మురుగుకాలువ, వీధిదీపం, వేసవిలో నీటి ట్యాంకరు కోసం అక్కడ ఎవరి తిప్పలు వారివే. ఇక రెండో విరుగుడు 'మనవాళ్ల వెంచర్'. మన బిల్డర్లే మన భయాన్ని చదరపు గజాల లెక్కన అమ్ముతున్నారు. మసీదు దగ్గర ఉండాలని కోరుకోవడంలో దోషం లేదు. కాని మనమే గేటు దగ్గర పేరు అడగడం మొదలుపెడితే అవతలి గేటును ప్రశ్నించే నైతికబలం ఎక్కడిది? ముస్లింలు అభద్రత వల్ల ఒకేచోట గుమికూడుతున్నారని, ఆ ప్రాంతాలకు బడులు, బ్యాంకులు, పౌర సౌకర్యాలు అందడం లేదని సచార్ కమిటీ 2006లోనే వివరంగా రాసింది. పొరుగువారి హక్కును గురించి ప్రవక్త (స) అంతగా నొక్కి చెప్పినప్పుడు ఆ పొరుగువాడు ముస్లిమే కావాలని షరతు పెట్టలేదు.

నియమాలన్నీ పక్షపాతంతో పుట్టినవని అనుకోనవసరం లేదు. సెల్లారులో ఖుర్బానీ చేయవద్దంటే అది శుభ్రతకు సంబంధించిన మాట, ఒప్పుకోవలసిందే. వంటింట్లో మాంసం వండవద్దంటే మాత్రం అది గడప దాటి లోపలికి వచ్చిన పెత్తనం. క్లబ్‌హౌసులో పండుగలకు చోటివ్వమంటే అందరికీ ఇవ్వకపోవచ్చు. వినాయక చవితికిచ్చి ఇఫ్తారుకు కాదంటే అప్పుడు రాతపూర్వకంగా కారణం అడగాలి. బయానా ఇచ్చే ముందే బైలా ప్రతి, గత రెండేళ్ల సర్వసభ్య సమావేశపు తీర్మానాలు తెప్పించుకొని చదవండి. కొత్త ప్రాజెక్టులలో కొన్నవారంతా సంఘం ఏర్పాటులో పాల్గొనాలని రెరా చట్టమే చెబుతున్నది. మనవాళ్లలో ఎక్కువమంది నిర్వహణ రుసుము నెలనెలా ఠంచనుగా కట్టి సమావేశానికి మాత్రం వెళ్లరు. నియమాలు రాసేది ఆ సమావేశంలోనే.

అద్దెకుండేవారికి ఆ అవకాశం కూడా లేదు. వారికి ఓటు లేదు, పదకొండు నెలల ఒప్పందం తప్ప మరో ఆధారం లేదు. వారి కోసమైనా చట్టం కావాలి. సహకార సంఘాలు రాష్ట్ర జాబితాలోని అంశం. మతం, కులం, ఆహారం కారణంగా ఇల్లు అమ్మడాన్ని గాని, అద్దెకివ్వడాన్ని గాని అడ్డుకొనే బైలా చెల్లదని, అటువంటి తీర్మానం చేసిన సంఘంపై చర్య ఉంటుందని ఒక్క సవరణ తేవడానికి హైదరాబాదు, అమరావతి శాసనసభలకు ఢిల్లీ అనుమతి కోసం ఎదురుచూడవలసిన పని లేదు. ఇఫ్తారు విందులకు టోపీ పెట్టుకొని వచ్చే నాయకులను ఈసారి బిర్యానీ వడ్డించే ముందే ఈ సవరణ సంగతి అడగవచ్చు.