వంకాయ కాపుకి తంగేడు తోడు

వంగ మొక్క నిండా ఊదారంగు పూలు. కాయలు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు! పేడ ఎరువు వేశారు, నీళ్ళు పోశారు, ఇంకేం చెయ్యాలో తోచక విసుగొస్తుంది కదూ? కొన్ని పూలు ఎలాగూ రాలేవే, వాటికి బెంగ వద్దు. మిగిలినవి బాగా నిలవాలంటే మాత్రం తుమ్మెద రావాలి.

వంగ పువ్వు మధ్యన పసుపుపచ్చని గొట్టాలు గమనించారా? పుప్పొడి ఆ గొట్టాల్లో దాగి ఉంటుంది. ఉప్పుసీసా మూతకి ఉన్నట్టు చివర చిన్న రంధ్రాలు. నల్ల తుమ్మెద పువ్వును పట్టుకుని జుమ్మని ఒళ్ళు అదిలిస్తే పుప్పొడి జలజలా రాలుతుంది. గాలికీ కొంత రాలుతుందనుకోండి. తేనెటీగకు మాత్రం ఆ విద్య రాదు.

తంగేడు పువ్వుదీ ఇదే తీరు. అందుకే తంగేడు పూస్తే తుమ్మెదలు వెతుక్కుంటూ వస్తాయి. 2014లో తెలంగాణ దీన్ని రాష్ట్ర పుష్పం చేసుకుంది. బతుకమ్మలో దీనిదే పెద్దపీట. మన ఇబ్రహీంపట్నం, కొండపల్లి వైపు వాళ్ళు మాత్రం ఇది ఏ మెట్టల్లోనో పెరిగే పిచ్చిమొక్క అని పెరట్లోకి రానివ్వరు. ఒక్కసారి పెడితే ఏళ్ళ తరబడి ఉంటుంది.

ఎండిన కాయలు తెచ్చి గింజలు తీయండి. పైపెంకు గట్టిది కాబట్టి వేడినీళ్ళు పోసి రాత్రంతా నాననివ్వండి. వేరు లోతుగా దిగే మొక్క, తీసి నాటితే ఓర్చుకోదు. దడి పక్కన, రోజంతా ఎండ తగిలేచోటే విత్తండి. నల్లరేగడి నేలైతే జానెడు ఎత్తు మట్టి కట్టండి, నీళ్ళు నిలిస్తే చచ్చిపోతుంది. కసిందను చూసి తంగేడని పొరబడకండి సుమా! కసింద కాయ సన్నగా, వంపు తిరిగి ఉంటుంది, గింజలు పిల్లలకు విషం. తంగేడు కాయ పల్చగా, బల్లపరుపుగా ఉంటుంది.

ఆకులకు చిల్లులు పడితే మందు కొట్టకండి. పచ్చని సీతాకోకచిలుకలు గుడ్లు పెట్టేది ఈ ఆకుల మీదే. వంగకి మందు తప్పదంటే పొద్దుగూకాక కొట్టండి, పొద్దున పూట తుమ్మెదలు తిరుగుతుంటాయి.

ఇంకో మాట. తుమ్మెద గుమ్మం దూలానికి కన్నం పెడుతోందని చీపురు తీసుకోకండి. బొటనవేలంత లావు ఎండు వెదురు ముక్కలు, ఒక కొస కణుపుతో మూసుకున్నవి, చూరు కింద కట్టి చూడండి. పెరడు లేనివారు డాబా మీద పెద్ద తొట్టిలో పెంచుకోవచ్చు, పూత అయ్యాక నడుమెత్తుకి కత్తిరిస్తూ ఉండాలి.